నీళ్లు తాగని పిల్లలు

ఆ బడి అరకు దాటి ఇంకాస్త లోపలికి, కాఫీ తోటల మధ్య ఉంది. ఊరి పేరు చెప్పడం లేదు. చెబితే ఆ ఒక్క బడే అలాంటిదని అనుకుని మిగతా బళ్లవాళ్లంతా ఊపిరి పీల్చుకుంటారు. ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల. అందులో ఏంజెలిన్ కాంట్రాక్టు మీద జీవశాస్త్రం చెబుతుంది. రసాయన శాస్త్రం చెప్పాల్సిన పోస్టు చాలాకాలంగా ఖాళీ. దానికి వచ్చినవాళ్లు ఆ చలి చూసి, ఫోన్లో సిగ్నలు లేకపోవడం చూసి, ఎవరి కాళ్లో పట్టుకుని కిందికి బదిలీ చేయించుకుంటారు. అందుకని ఆ పాఠాలు కూడా ఏంజెలిన్ నెత్తినే పడ్డాయి.

పడినందుకు ఆమె ఏడవలేదు, సంతోషించింది. రసాయనం తెలియకుండా జీవశాస్త్రం చెప్పడమంటే వంట చేయకుండా విస్తళ్లు వేయడమేనని ఆమె వాదన. ఏడాది మొదట్లో గుండె బొమ్మ గీయదు, ఆకు బొమ్మ గీయదు. బోర్డు మీద ఒక పెద్ద సున్నా, దానికి చెవుల్లా రెండు చిన్న సున్నాలు గీస్తుంది. పెద్దది ఆక్సిజన్, చిన్నవి హైడ్రోజన్.

"ఈ పెద్దది కాస్త ఆశపోతు," అంటుంది. "ముగ్గురూ కలిసి పంచుకున్న ఎలక్ట్రాన్లని తన పక్కకి లాక్కుంటాది. అందుకే దీనివైపు కొంచెం రుణావేశం, చెవుల వైపు కొంచెం ధనావేశం. దాంతో ఒక నీటి అణువు ఇంకో నీటి అణువుని పట్టుకుంటాది. ఉప్పు వేస్తే ఉప్పుని విడదీసి పట్టుకుంటాది. పంచదార వేస్తే పంచదారని పట్టుకుంటాది. మీ ఒంట్లో ఏది ఎక్కడికి పోవాలన్నా నీళ్ల భుజమెక్కే పోవాలి. ఇప్పుడు చెప్పండి. జీవానికి అన్నిటికంటే ముఖ్యమైన అణువు ఏది?"

"నీరు టీచర్!" అని తరగతి మొత్తం రేకులు అదిరిపోయేలా అరుస్తుంది.

అలా అరిచిన పిల్లల్లో ఒక్కతి కూడా మధ్యాహ్నం అన్నం తిన్నాక నీళ్లు ముట్టదు.

అది ఆ హాస్టల్లో ఎవరూ ఎక్కడా రాయని చట్టం. కొత్తగా చేరిన పిల్లకి పక్క ఎక్కడో చూపించి, పెట్టె ఎక్కడ పెట్టుకోవాలో చెప్పి, ఆ వెంటనే పెద్ద పిల్లలు చెప్పే మాట ఇదే. పొద్దున్న ఎంతైనా తాగు. మధ్యాహ్నం అన్నంతో ఒక గ్లాసు. ఆ తర్వాత గొంతు ఎండుకుపోయినా పెదాలు తడుపుకోవడం వరకే. తెలియక సాయంత్రం కుళాయి దగ్గర దోసిలి పట్టిన చిన్నపిల్లకి తొడపాశం పెట్టి మరీ నేర్పుతారు. కోపంతో పెట్టరు. వాళ్లు నేర్చుకున్నదీ అలాగే.

ఎందుకంటే రాత్రి ప్రార్థన కాగానే పడక గది తలుపుకి బయట తాళం పడుతుంది. మరుగుదొడ్లు వెనకాల, కాఫీ తోట గట్టు పక్కన ఉన్నాయి. గది లోపల కట్టినవి లేకపోలేదు గానీ వాటికి ఏనాడూ నీళ్లు ఎక్కలేదు. కట్టిన కాంట్రాక్టరు ఫొటోలు తీయించుకుని వెళ్లిపోయాడు. ఇప్పుడు వాటిలో విరిగిన బల్లలు, చిరిగిన పరుపులు కాపురం ఉంటున్నాయి. తాళం చెవి సోములమ్మ బొడ్లో ఉంటుంది. సోములమ్మ రాత్రి కాపలా ఆయా. వంటశాల పక్క గదిలో పొయ్యి వెచ్చదనానికి దగ్గరగా పడుకుంటుంది. పిల్లల కేకలు అక్కడిదాకా వినపడవు. వినపడినా ఆ మంచులో లేచి రావడానికి ఆమె మోకాళ్లు ఒప్పుకోవు.

తాళానికి కారణం ఉంది. వెనకటికి ఒక పిల్లని దొడ్ల దగ్గర పాము కరిచింది. పిల్ల బతికింది గానీ సంగతి పేపర్లోకెక్కింది, అప్పటి హెచ్.ఎం.ని ఇంటికి పంపారు. ఆ తర్వాత వచ్చిన మేడమ్ బడి కోసం మొట్టమొదట కొన్న వస్తువు ఈ తాళం. గట్టు మీద గడ్డి కొట్టించవచ్చు, దారికి దీపం పెట్టించవచ్చు, లోపలి పైపు బాగుచేయించవచ్చు. అవన్నీ పైవాళ్లని అడగాలి. తాళానికి ఎవరినీ అడగక్కర్లేదు.

ఏంజెలిన్‌కి ఇదేమీ కొత్త కాదు. ఆమెది కొయ్యూరు వైపు ఊరు. తండ్రి జాకబ్ మిషన్ చర్చిలో గంట కొట్టి, నేల ఊడ్చి, పాస్టరుగారు రాని ఆదివారాల్లో తానే వాక్యం చదివేవాడు. కూతురిని చిన్నప్పుడే ఆశ్రమ పాఠశాలలో చేర్చాడు. అక్కడా ఇలాంటి తలుపే, ఇలాంటి తాళమే. ఒంటేలుకి వెళ్లినప్పుడు మంట పుట్టడం, పొత్తికడుపు పట్టేయడం చదువులో ఒక భాగమని ఆమె అనుకునేది. పాడేరులో డిగ్రీ, విశాఖలో బీఈడీ చదివాక గానీ సాయంత్రం పూట మంచినీళ్లు తాగొచ్చని ఆమె ఒంటికి నమ్మకం కుదరలేదు. తర్వాత తిరిగి కొండెక్కి టీచరుగా వచ్చింది. పిల్లలు నీళ్లు తాగడం లేదని చూసింది. చూసి, బడి అన్నాక ఇంతే కదా అనుకుంది. ఆ అనుకోవడం తల్చుకుంటే ఇప్పటికీ ఆమెకి తనమీద తనకే అసహ్యం వేస్తుంది.

కిల్లో రత్న రాకపోతే అలాగే అనుకుంటూ ఉండేది.

రత్నది పై కొండ మీద ఊరు. జీపు ఆగిపోయిన చోటు నుంచి ఇంకా ఎక్కాలి. తండ్రి లేడు. తల్లి యర్రమ్మ పోడు చేసి సామలు, రాగులు పండిస్తుంది, కాఫీ కాలంలో కాయ కోతకి పోతుంది. రత్నకి ఒక అన్న ఉండేవాడట. కాళ్ల నొప్పులొచ్చి చిన్నప్పుడే పోయాడు. రత్నకీ నొప్పులే. చలికాలం వస్తే మోకాళ్లు, నడుము, పక్కటెముకలు పట్టేసి చాప మీద ముడుచుకుపోయేది. ప్రార్థనకి రాకపోతే హెచ్.ఎం. మేడమ్ "నాటకాలు" అనేది. పిల్లలూ ఆ మాటే నేర్చుకున్నారు. కళ్లు పసుపు పచ్చగా ఉండే నాటకం ఏమిటని ఎవరూ అడగలేదు.

పదో తరగతిలో ఉండగా నెత్తురు పరీక్షలు చేసేవాళ్లు వచ్చి పిల్లలందరి వేళ్లూ పొడిచి వెళ్లారు. రత్నకి సికిల్ సెల్ జబ్బని తేలింది. ఏంజెలిన్ ఆమెని వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్లింది. అక్కడి డాక్టరు కుర్రవాడు, నిద్రలేక కళ్లు గుంటలు పడి ఉన్నాయి.

"మీరు సైన్సు టీచరు కాబట్టి మీకు చెప్పడం తేలిక," అన్నాడు. "మాత్రలు నేనిస్తాను. నీళ్లు మాత్రం మీరు తాగించాలి. ఒంట్లో నీళ్లు తగ్గాయంటే నెత్తురు ఇరుక్కుంటుంది. చలి తగలనివ్వకండి. ఇంకో సంగతి. ఈ జబ్బున్నవాళ్ల మూత్రపిండాలు నీళ్లని పట్టి ఉంచలేవు. మనం తాగకపోతే ఒళ్లు పొదుపు చేసుకుంటుంది. ఈ పిల్ల ఒంటికి ఆ పొదుపు చేతకాదు. తాగినా తాగకపోయినా రాత్రిళ్లు లేవాల్సి వస్తుంది."

ఏంజెలిన్ డాక్టరు వంక చూసి తలూపింది గానీ, తాళం సంగతి ఆయనకి చెప్పడానికి నోరు రాలేదు.

తిరిగొచ్చే జీపులో రత్న అడిగింది. "టీచర్, నాకేటయ్యిందో కలాసులో అందరికీ సెప్పండి. నాటకం అనుకుంటన్నారు."

మర్నాడు ఏంజెలిన్ తరగతికి స్టీలు పళ్లెం, చెంబుడు నీళ్లు, ఇంట్లోంచి వలిసెల నూనె సీసా పట్టుకెళ్లింది. పళ్లెంలో నీళ్లు పోసి, అక్కడక్కడా నూనె చుక్కలు వేసింది. పిల్లలు బల్ల చుట్టూ మూగారు.

"నూనెకి నీళ్లంటే పడదు," అంది. "నీళ్లు తమలో తాము చేతులు పట్టుకుని నూనెని పక్కకి నెట్టేస్తాయి. అందుకని ఏ నూనె చుక్కకి ఇంకో నూనె చుక్క దొరికినా పోయి అంటుకుంటాది. చూడండి." వేలితో పళ్లెం అంచు తట్టింది. రెండు చుక్కలు ఒకదాన్నొకటి తాకి ఒకటైపోయాయి.

తర్వాత రత్న మెడలోని పూసల దండ అడిగి తీసుకుంది. "నెత్తురులో ఎరుపుకి హిమోగ్లోబిన్ అని పేరు. అది ఇలాంటి దండలు చుట్టలు చుట్టుకుని తయారవుద్ది. ఒక్కో పూసా ఒక్కో అమైనో ఆమ్లం. కొన్ని పూసలకి నీళ్లంటే ఇష్టం, కొన్నిటికి పడదు. ఇదిగో, ఈ ఆరో పూస దగ్గర మనకి గ్లుటామిక్ ఆమ్లం ఉంటాది. నీళ్లంటే ఇష్టమున్న పూస. రత్న దండలో అక్కడ వాలీన్ కూర్చుంది. దానికి నీళ్లు పడవు. అంతే తేడా. దండంతా బాగుంది, ఒక్క పూస మారింది."

"ఒక్క పూసకేనా టీచర్ ఇంత నొప్పి?" అంది బేబి. రత్న పక్కన పడుకునే పిల్ల.

"ఒక్క పూసకే. హిమోగ్లోబిన్ ఆక్సిజన్ మోసినంతసేపూ ఊరుకుంటాది. బరువు దించగానే ఆ పూస పక్కదాన్ని వెతుక్కుని అంటుకుంటాది, ఈ నూనె చుక్కల్లాగే. అలా ఒకదానికొకటి అంటుకుని తాళ్లు పేనుకుంటాయి. మెత్తగా గుండ్రంగా ఉండాల్సిన కణం కొడవలిలా వంగి బిగుసుకుపోద్ది. సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాది. నెత్తురు అందని చోట నొప్పి పుడతాది. అది నాటకం కాదు."

పిల్లలు రత్న వైపు చూశారు. ఆ చూపులో మొదటిసారి ఎగతాళి లేదు. ఏంజెలిన్ పళ్లెం వంచి సగం నీళ్లు మెల్లగా ఒంపేసింది. మిగిలిన చుక్కలన్నీ ఒక పక్కకి జారి చేరాయి.

"కణంలో నీళ్లు తగ్గితే ఏమవుద్ది?"

"దగ్గిరైపోతాయి టీచర్," అంది బేబి. "బేగి అంటుకుపోతాయి."

"అయితే నాను సాయంత్రం కూడా తాగాల టీచర్?" అంది రత్న.

"తాగాలి."

"మరి రాత్రి?"

ఏంజెలిన్ అణువుల గురించి ఎన్ని ప్రశ్నలకైనా జవాబు చెప్పగలదు. ఈ ప్రశ్న పట్టుకుని ఆ సాయంత్రమే హెచ్.ఎం. గదికి వెళ్లింది.

మేడమ్ దుర్మార్గురాలు కాదు, అదే కష్టం. కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇప్పించి మరీ విన్నది.

"ఒక్క పిల్ల కోసం తలుపు తీసి ఉంచితే మిగతా పిల్లలకి ఏమైనా అయితే బాధ్యత ఎవరిది ఏంజెలిన్ గారూ? మీదా?"

"సోములమ్మని వరండాలో పడుకోమనండి మేడమ్. పిలిస్తే తీస్తాది."

"ఈ చలికి ముసలావిడ బిగుసుకుపోతే అదొకటి నా మెడకి చుట్టుకుంటుంది."

"పోనీ లోపలి దొడ్లు బాగు చేయించండి."

"రాయలేదనుకున్నారా? రాస్తూనే ఉన్నాను. పైనుంచి రావాలి. అన్నీ పైనుంచే రావాలి. మీ రెన్యువలూ పైనుంచే కదా రావాలి, దానికి నేనేగా రాయాల్సింది." ఆ మాట బెదిరింపులా అనలేదు, ఓదార్పులా అంది. లేచి వెళ్లి తన ఇంట్లోంచి ఒక మందపాటి దుప్పటి తెచ్చి ఏంజెలిన్ చేతిలో పెట్టింది. "రత్నకివ్వండి, పాపం."

ఏంజెలిన్ ఆ దుప్పటి పట్టుకుని బయటికొచ్చింది. తిరిగి లోపలికెళ్లి దుప్పటి బల్ల మీద కొట్టి, ఇది కాదు, తాళం చెవి ఇవ్వండి అనాలనిపించింది. అనలేదు. ఉద్యోగం పోతే ఇల్లు ఎలా గడుస్తుందో ఆ క్షణంలో గుర్తొచ్చినంత స్పష్టంగా ఇంకేదీ గుర్తు రాలేదు.

అయినా రత్న తాగింది. టీచరు చెప్పింది కాబట్టి తాగింది. సాయంత్రం కుళాయి దగ్గర అందరూ చూస్తుండగా గ్లాసు నింపుకుని గటగటా తాగేది. కొన్నాళ్లకి కళ్లలో పసుపు తగ్గింది. మెట్లెక్కి తరగతికి వచ్చేది. పరీక్షల్లో అందరికంటే ముందుంది. ఏంజెలిన్ మురిసిపోయింది.

ఒక రోజు పొద్దున్నే ఏంజెలిన్ బడికి వచ్చేసరికి, మంచు ఇంకా విడవలేదు, రత్న కుళాయి కింద దుప్పటి పెట్టి ఉతుకుతోంది. చేతులు చల్లటి నీళ్లలో నీలం తిరిగిపోయాయి. అది మేడమ్ ఇచ్చిన దుప్పటి కాదు, బేబిది. పిల్లలు నేల మీద పక్కపక్కనే పడుకుంటారు. రాత్రి రత్నకి ఆగలేదు. చాలాసేపు తలుపు కొట్టిందట. సోములమ్మకి వినపడలేదు. తడి బేబి పక్కదాకా పాకింది. ఆ చలిలో ఒక్కో పిల్లకి ఒక్కటే దుప్పటి. అది తడిస్తే ఆరే వరకు వణకాల్సిందే. బేబి ఏడ్చి గోల చేసింది. మిగతావాళ్లు తలోమాటా అన్నారు.

"లే రత్నా, నేను ఉతుకుతాను," అంది ఏంజెలిన్.

"ఒద్దు టీచర్," అంది రత్న తలెత్తకుండా. "మీరుతికితే ఇంకా అంటారు."

ఆ వారం సంతలో ఏంజెలిన్ మూత ఉన్న నీలం బకెట్టు కొంది. పడక గది మూల పాత చీర అడ్డం కట్టి అక్కడ పెట్టింది. తన తెలివికి తానే సంబరపడింది. తలుపు తీయనక్కర్లేదు, పాము భయం లేదు, పైవాళ్ల అనుమతీ అక్కర్లేదు.

ఆమె లెక్కలో లేనిది ఒకటుంది. పొద్దున్నే ఆ బకెట్టు ఎవరో ఒకరు మోసుకెళ్లి పారబోయాలి. దొడ్లకి దారి ప్రార్థన జరిగే మైదానం మధ్యలోంచే, పైగా దొడ్ల దగ్గర రద్దీ తగ్గేసరికి ప్రార్థన వేళయ్యేది. బడి మొత్తం వరసల్లో నిలబడి ఉండగా రత్న రెండు చేతులా బకెట్టు పట్టుకుని ఆ వరసల ముందు నుంచి నడిచేది. చీకట్లో దాన్ని వాడుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. తెల్లారాక అది రత్న ఒక్కదానిదే అయ్యేది. దానికి "రత్న డ్రమ్ము" అని పేరు పెట్టారు. ఆరో తరగతి పిల్లలు కూడా ముక్కు మూసుకుని నవ్వేవారు.

కొద్ది రోజులకే రత్న టీచరు దగ్గరికి వచ్చింది. "బకెట్టు తీసీండి టీచర్. ఇప్పుడు నాకు ఆగుతంది. అక్కర్నేదు."

ఏంజెలిన్ నమ్మింది. నమ్మడం హాయిగా ఉంది కాబట్టి నమ్మింది. మూత్రపిండాల గురించి డాక్టరు చెప్పిన మాట చెవుల్లో ఉండగానే నమ్మింది. రత్నకి ఒక పెద్ద నీళ్ల సీసా కొనిచ్చి, సాయంత్రం నింపి ఇచ్చేది. పొద్దున్న అడిగితే రత్న ఖాళీ సీసా తలకిందులు చేసి చూపించేది. ఆ ఖాళీ సీసా చూసి ఏంజెలిన్ వీపు తట్టేది. లోపలికి వెళ్లింది ఎటుగా బయటికి వెళ్లిందని అడగడం ఆమె చెప్పే శాస్త్రంలో మొట్టమొదటి సంగతి. ఆ పిల్ల విషయంలో మాత్రం ఆమె అడగలేదు.

ఆ చలికాలం పడక గది కిటికీ కింద బంతి మొక్కలు బలే ఏపుగా పెరిగాయి. హెచ్.ఎం. మేడమ్ కూడా చూసి మెచ్చుకుంది.

మంచు బాగా దిగిన రోజుల్లో ఒక పొద్దున్న రత్న ప్రార్థన వరసలో నిలబడినదల్లా కూలిపోయింది. ఛాతీ పట్టుకుని ఊపిరి అందక గిలగిల్లాడింది. జీపులో వేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. సెలైను ఎక్కించారు, ఆక్సిజన్ పెట్టారు. అదే కుర్ర డాక్టరు రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉన్నాడు. పిల్ల తేరుకుంది.

"నీళ్లు తాగుతోందన్నారు కదా?" అని ఆయన అడిగాడు. ఏంజెలిన్ అవునంది. అన్నాక బయట వరండాలో బేబి చెప్పింది. చూడ్డానికి వస్తానని ఏడ్చి వెంట వచ్చిన బేబి, ఇప్పుడు గోడకి ఆనుకుని ఇంకా ఏడుస్తూ చెప్పింది.

"తాగీది కాదు టీచర్. కిటికీలోంచి పారబోసీది. మాకందరికీ తెలుసు. సెప్తే మళ్లీ బకెట్టు తెత్తారని మాసేత ఒట్టేయించుకున్నాది."

ఏంజెలిన్ మంచం దగ్గరికి వెళ్లి కూర్చుంది. తిట్టడానికి వెళ్లి, చివరికి అడిగింది. "ఎందుకే? అంతా నీకు అర్థమైంది కదా. పళ్లెంలో చూపించాను కదా."

"అర్థమయ్యింది టీచర్," అంది రత్న. "నొప్పయితే నాకొక్కదానికే తెలుస్తాది. బకెట్టయితే అందరూ సూస్తారు."

ఏంజెలిన్‌కి తల కొట్టేసినట్టయింది. పదిహేనేళ్ల ఆడపిల్ల సిగ్గు తనకి తెలియనిదా? తానూ ఆ వయసు దాటి వచ్చిందే కదా. నెత్తురులో ఆరో పూస ఎక్కడుందో తెలిసింది గానీ, ఆ పిల్ల ఏ దారిలో నడిచి వెళ్లాలో చూడటం తెలియలేదు.

ఆసుపత్రి నుంచి పంపించే రోజున హెచ్.ఎం. మేడమ్ సిగ్నలు దొరికే చోటికెళ్లి ఫోన్ చేసింది. "హాస్టల్‌కి వద్దు. ఇంటికి పంపేద్దాం. తల్లి దగ్గరుంటే బాగా చూసుకుంటుంది. పరీక్షలప్పుడు వచ్చి రాస్తుంది, నేను చూసుకుంటాను."

ఇక్కడ ఏంజెలిన్ పోట్లాడాల్సింది. పోట్లాడలేదు. ఈసారి రెన్యువల్ భయం ఒక్కటే కాదు, మేడమ్ మాట నిజంగానే సబబుగా తోచింది. ఇంట్లో తాళం లేదు. వరసలు లేవు. తల్లి ఉంది, పొయ్యి ఉంది, గుమ్మం దిగితే కొండంతా ఉంది. బళ్లో చేయలేని పని ఇంట్లో దానంతటదే అవుతుందని ఆశపడింది. యర్రమ్మని ఆసుపత్రికి పిలిపించి, కూర్చోబెట్టి, మాత్రలు ఎప్పుడేవి వేయాలో చెప్పింది. నీళ్లు కాచి చల్లార్చి రోజంతా, రాత్రి కూడా తాగించమంది. నొప్పి మొదలవగానే ఆగకుండా తీసుకురమ్మంది.

"తాగితే బతుకుతాదా టీచరమ్మా?" అంది యర్రమ్మ. కొడుకుని అలాగే పోగొట్టుకున్న మనిషి.

"తాగితే బాగుంటాది," అంది ఏంజెలిన్.

రత్నని జీపు ఎక్కించింది. జీపు నడిపే గాసిది కూడా ఆ పై ఊరే. ముందు సీట్లో కూర్చోబెట్టుకుని కుదుపులు లేకుండా తీసుకెళతానన్నాడు. రత్న కిటికీలోంచి చెయ్యి ఊపింది. పరీక్షలకి చదువుకుంటానంది.

పరీక్షలు ఇంకా రాకముందే రత్న కబురు వచ్చింది, అది తెచ్చింది కూడా గాసే. మధ్యాహ్నం బడి గేటు దగ్గర జీపు ఆపి, దిగకుండా చెప్పాడు. ముందురోజు నొప్పి వచ్చిందట. మనుషులు భుజాల మీద మోసుకుంటూ కొండ దించుతున్నారట. జీపు దగ్గరికి చేరేలోపే అయిపోయిందట.

స్టాఫ్ రూములో అందరూ అయ్యో అన్నారు. హెచ్.ఎం. మేడమ్ కళ్లు తుడుచుకుంది. తుడుచుకున్నాక, "ఏదేమైనా దేవుడి దయవల్ల మన దగ్గర కాలేదు," అంది. ఏంజెలిన్ ఆ మొహం వంక చూసి, ఇక ఆ గదిలో ఒక్క నిమిషం కూడా ఉండలేక లేచి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం కూడా తాళం వేళ తప్పలేదు.

ఆదివారం ఆమె చర్చికి పోకుండా గాసి జీపులో పై ఊరికి వెళ్లింది. జీపు ఆగాక నడిచింది. యర్రమ్మ ఇల్లు ఊరి చివర. మట్టి గోడలు, ముందు వెదురు తడిక. యర్రమ్మ అరుగు మీద కూర్చుని రాగులు చెరుగుతోంది. టీచరుని చూసి చేట పక్కన పెట్టింది. లేవలేదు, ఏడవలేదు. ఏంజెలిన్ ఆమె పక్కన కూర్చుంది. 

"మీరు సెప్పినట్టే సేసినాను టీచరమ్మా," అంది యర్రమ్మ. "ఊట నీళ్లు తెచ్చి, కాసి, సల్లార్సి పక్కనెట్టీదాన్ని. పొద్దున్న తాగీది. పొద్దు తిరిగినాక ముట్టీది కాదు. రాత్రి లెగాలమ్మా అనీది. లెగితే ఏటే గుంటా, ఇక్కడ తాళం నేదు, తడికే గదే అనీదాన్ని. నాను లేపి తీసుకెల్తాను, ఎవులూ సూడరే అనీదాన్ని. అవునమ్మా అనీది. తలకాయూపీది. తాగీది కాదు."

ఏంజెలిన్ ఆమె చెయ్యి పట్టుకుంది.

"మోసుకెల్తన్నప్పుడు దప్పిక అన్నాది. కళ్లు మూసుకునే ఉన్నాది. సెంబు నోటికెట్టినాను. పెదాలు బిగబట్టీసినాది. సీకటడిపోయిందా అమ్మా అని అడిగినాది. నేదే తల్లీ, ఇంకా ఎండుందే, తాగీ అన్నాను. అప్పుడు తాగినాది." యర్రమ్మ చేటలోని రాగులు ఒకసారి చేత్తో కలిపింది. "అబద్దమాడినాను టీచరమ్మా. అప్పటికే బాగా సీకటడిపోనాది."